‘ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అనేవాడు మన దగ్గరికే ఎందుకొస్తాడు?

‘ఇంటి నుంచే పని. రోజుకు రెండు గంటలు చాలు. నెలకు 25 వేలు. అనుభవం అక్కర్లేదు. ఇంటర్వ్యూ లేదు.’

ఇలాంటి మెసేజ్ రాని ఫోన్ ఇవాళ మన హాస్టళ్లలో లేదు. చాలామంది చూసి తీసేస్తారు. మా యూనివర్సిటీలో మాకు జూనియర్ అయిన ఒక పీజీ విద్యార్థిని మాత్రం జవాబిచ్చింది. అప్పటికి ఆమెకు స్కాలర్‌షిప్ రాలేదు, మెస్ బిల్లు బాకీ పడింది. ఊళ్లో నాన్న హమాలీ, అమ్మ కూలి పనికి వెళ్తుంది. అవతలివాళ్లు డేటా ఎంట్రీ పని అన్నారు, రిజిస్ట్రేషన్ కింద 2,500 కట్టమన్నారు. అమ్మ డ్వాక్రా పొదుపులోంచి తీసి పంపింది. ఐదు రోజుల్లో 600 ఫారాలు నింపాలి. రాత్రింబవళ్లు కూర్చుని నింపింది. ఆరో రోజు లాయర్ పేరుతో ఒక నోటీసు వచ్చింది. ‘మీ పనిలో తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందాన్ని ఉల్లంఘించారు, 9,800 కట్టకపోతే కోర్టు కేసు, పోలీసు కేసు’ అని అందులో ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. స్నేహితురాలి దగ్గర అప్పు చేసి కట్టేసింది. రెండు నెలల తర్వాత ఆ అప్పు సంగతి బయటపడితేనే మాకు తెలిసింది.

ఎందుకు చెప్పలేదని అడిగాం. ‘మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కదక్కా. నేనే మోసపోయానని ఎట్లా చెప్పను?’ అంది.

ఆన్‌లైన్ మోసాల గురించి ఇచ్చే సలహాల్లో మొదటి మాట ఎప్పుడూ ‘అత్యాశకు పోకండి’ అనే ఉంటుంది. ఆమెది అత్యాశ కాదు, మెస్ బిల్లు. ఈ మోసాన్ని అత్యాశ కథగా చెప్పినంతకాలం మోసపోయినవాళ్లు సిగ్గుపడి నోరు మూసుకుంటారు. వాళ్లు నోరు మూసుకోవడం మీదే మోసగాడి వ్యాపారం నడుస్తుంది. అందుకే ఈ మోసాలు ఎట్లా పనిచేస్తాయి, మన పిల్లల్ని ఎక్కడ పట్టుకుంటాయి, వీటికి భయపడి కంప్యూటర్‌కే దూరం కావాలా అన్నవి కలిపి చూడాలనుకున్నాం.

ఇంటర్వ్యూ లేని ఉద్యోగం ఎవరిని పిలుస్తుంది?

సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. కొన్నిటి మీద అగ్రకులమని తెలిసే పేరు, కొన్నిటి మీద దళితులని తెలిసే పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరున్న దరఖాస్తుతో పోలిస్తే మూడింట రెండొంతులే అని తేలింది. ముస్లిం పేరుకు అది మూడింట ఒక వంతే. చదువు అదే, మార్కులు అవే. తేడా అంతా పేరులోనే ఉంది.

ఈ లెక్క తెలియకపోయినా దాని అనుభవం మనలో చాలామందికి ఉంది. ఉద్యోగానికి వెళ్తే ‘ఏ ఊరు, ఇంటిపేరేంటి, నాన్న ఏం చేస్తారు, ఎవరు పంపారు’ అని అడుగుతారు. ఇంగ్లిష్ మాట్లాడే తీరు చూస్తారు. తెలిసినవాళ్ల సిఫారసు అడుగుతారు. ఇలాంటి నాలుగైదు గుమ్మాలు ఎక్కి దిగినవాళ్లకు ఒక మెసేజ్ వస్తుంది. అందులో పేరు తప్ప ఏమీ అడగరు. ‘మీరు సెలెక్ట్ అయ్యారు’ అంటారు. తన చదువుకు ఎవరో మొదటిసారి విలువిచ్చినట్టు అనిపిస్తుంది. బయటికెళ్లి పని చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలకు, పసిపిల్లల తల్లులకు ‘ఇంటి నుంచే’ అన్న మాట ఇంకా గట్టిగా తగులుతుంది. మోసగాడికి మన కులం తెలియకపోవచ్చు. కులం మూసిన తలుపుల ముందు ఎంతమంది నిలబడి ఉన్నారో మాత్రం అతనికి బాగా తెలుసు.

ఇంకో కారణం కూడా ఉంది. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే. పట్టణాల్లో అది 23.4 శాతం. అంటే మనలో చాలామంది కంప్యూటర్ చూసి పెరగలేదు, నేరుగా ఫోన్‌లోకి వచ్చాం. నిజమైన ఆఫీసు పని ఎలా ఉంటుందో, అపాయింట్‌మెంట్ లెటర్ ఎలా ఉంటుందో ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. అన్న ఇంజనీరు, బాబాయి బ్యాంకు మేనేజరు అయిన ఇంట్లో పిల్లలు ఒక్క ఫోన్ చేసి ‘ఇది నిజమేనా’ అని అడుగుతారు. మొదటి తరం చదువరికి ఆ ఫోన్ నంబర్ ఉండదు.

నాలుగు రకాల వలలు

మొదటిది మా జూనియర్ చిక్కుకున్న డేటా ఎంట్రీ మోసం. ఇందులో పని అసలు పని కాదు. నింపిన ఫారాలు ఎవరికీ అక్కర్లేదు. గడువులో పూర్తికాకుండా, పూర్తయినా తప్పులున్నాయని చెప్పేలా ముందే అమర్చి ఉంటుంది. అసలు సంపాదన రిజిస్ట్రేషన్ ఫీజులోనూ, తర్వాత వచ్చే ‘లీగల్ నోటీసు’లోనూ ఉంటుంది. కాబట్టి ఆ నోటీసు గురించి మూడు విషయాలు తెలిసి ఉండాలి. పని ఒప్పందం ప్రకారం చేయలేదన్నది ఒక్కటే పోలీసు కేసు కాదు, అది సివిల్ వివాదం. మోసం చేసి తీసుకున్న సంతకాన్ని మోసపోయినవాళ్లు రద్దు చేసుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందంలో ఎంత జరిమానా రాసి ఉన్నా సమంజసమైన పరిహారాన్ని మించి ఇప్పించడానికి వీల్లేదని అదే చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. పైగా నిజంగా కోర్టులో కేసు ఉంటే దానికి నంబర్ ఉంటుంది, ఈ-కోర్ట్స్ సైట్‌లో వెతికితే కనిపిస్తుంది. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది ఏ చట్టంలోనూ లేదు.

రెండోది టాస్క్ మోసం. వాట్సాప్‌లో పలకరించి టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. యూట్యూబ్ వీడియోకి లైక్ కొట్టడం, హోటల్‌కి రేటింగ్ ఇవ్వడం పని. మొదటిరోజు 150 రూపాయలో 200 రూపాయలో నిజంగానే అకౌంట్లో పడతాయి. అది ఎర. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటారు. వెయ్యి పెడితే 1,300 వస్తాయి. ఆ తర్వాత ఐదు వేలు, ఇరవై వేలు. స్క్రీన్ మీద మన పేరుతో అంకె పెరుగుతూ ఉంటుంది, తీసుకోబోతే మాత్రం రాదు. ‘ట్యాక్స్ కట్టాలి’, ‘ఒక టాస్క్ తప్పు చేశారు, ఇంకొంత కడితే అకౌంట్ తెరుస్తాం’ అంటారు. పోయిన డబ్బు కోసం ఇంకా డబ్బు పెట్టిస్తారు. గ్రూపులో ‘నాకు వచ్చాయి’ అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు వాళ్ల మనుషులే.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే ఇందులో పోయేది డబ్బు ఒక్కటే కాదు. ‘నీ బ్యాంకు అకౌంట్, ఏటీఎం కార్డు, సిమ్ మాకివ్వు, నెలకు ఇంత ఇస్తాం’ అంటారు. ‘కంపెనీ డబ్బులు నీ అకౌంట్లో పడతాయి, నీ కమీషన్ తీసుకుని మిగతాది పంపెయ్’ అని కూడా అంటారు. ఇంకొకరిని ముంచి తెచ్చిన డబ్బును దాటించడానికి వాడే ఇలాంటి ఖాతాను మ్యూల్ అకౌంట్ అంటారు. మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేయగానే దర్యాప్తు ముందు వచ్చేది ఈ ఖాతాదారు ఇంటికే. ఖాతా స్తంభిస్తుంది. అదే ఖాతాలో స్కాలర్‌షిప్ పడుతుంటే అదీ ఆగిపోతుంది. అసలు దొంగ ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. పోలీసు రికార్డులో పేరు ఎక్కేది మన పిల్లవాడిది. ఆ పేరు తర్వాత ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు వెరిఫికేషన్‌లో అడ్డం వస్తుంది.

నాలుగోది విదేశాల్లో కంప్యూటర్ ఉద్యోగం. కంబోడియాలో డేటా ఎంట్రీ పని అని చెప్పి నిరుద్యోగులను పంపి, అక్కడ వాళ్లను నిర్బంధించి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారంలో 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. మోసపోయినవాళ్లనే మోసం చేసే పనిలో పెట్టడం ఇక్కడ జరుగుతున్నది. మనకు ‘హాయ్ డియర్’ అని మెసేజ్ పెట్టే చేతుల్లో కొన్ని ఇలా ఇరుక్కుపోయిన చేతులే. విదేశీ ఉద్యోగం అనగానే చూడాల్సింది, ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉందా అని. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చన్నా ఆగిపోవాలి.

అయితే కంప్యూటర్ మనకు వద్దా?

ఇవన్నీ విన్నాక కొందరు తల్లిదండ్రులు ‘ఆ ఫోనే వద్దు’ అంటారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ ప్రశ్నకు బాబాసాహెబ్ ఎప్పుడో జవాబిచ్చారు. 1945లో వచ్చిన ‘అంటరానివారికి కాంగ్రెస్, గాంధీ ఏం చేశారు’ అన్న పుస్తకంలో ఆయన యంత్రాల మీద గాంధీ వ్యతిరేకతను తర్కంతో ఎదుర్కొన్నారు. యంత్రం వల్ల కీడు జరుగుతుంటే తప్పు యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొందరికే కట్టబెట్టే సామాజిక వ్యవస్థది అన్నది ఆయన వాదన సారాంశం. యంత్రం లేకపోతే రోజంతా ఒళ్లు వంచాల్సింది శ్రామికుడే. అతనికి తీరిక లేదు, తీరిక లేనివాడికి చదువూ సంస్కృతీ అందవు. కంప్యూటర్‌ను కూడా ఈ తూకంలోనే వేసి చూడాలి.

ఒక పళ్లెంలో లాభాలున్నాయి. అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లైబ్రరీ లేని ఊళ్లో పిల్లవాడు కూడా వాటిని చదవగలడు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ టేబుల్ దగ్గర ఆగిందో చూసుకోవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, దాడి కేసులో ఏ సెక్షన్లు పెట్టారో, అట్రాసిటీ చట్టం పెట్టారో లేదో స్టేషన్ చుట్టూ తిరగకుండా తెలుసుకునే దారి దొరికింది. పెద్ద పత్రికలు వదిలేసిన మన వార్తలు మనమే చెప్పుకుంటున్నాం.

రెండో పళ్లెం కూడా ఖాళీ కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో మొబైల్ యాప్‌తో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే, ఎండలో మట్టి తవ్విన మనిషి ఆ రోజు పనికి రానట్టే లెక్క. కంప్యూటర్ ఎవరి చేతిలో ఉందన్నదే ఇక్కడా తేడా. ల్యాప్‌టాప్ కొనాలంటే ఇంట్లో కొన్ని నెలల కూలి. కొన్నా, నేర్పేవాళ్లు లేకపోతే అది పెద్ద ఫోన్‌లాగే మిగిలిపోతుంది.

ఇంటి నుంచి చేసే నిజమైన పని లేదా అంటే ఉంది. అనువాదం, సబ్‌టైటిల్స్, ట్యాలీ లెక్కలు, వెబ్ డిజైన్, ఆన్‌లైన్ ట్యూషన్ ఉన్నాయి. భారతీయ భాషల్లో మాటలు రికార్డు చేయించి ఆ పనికి డబ్బు చెల్లించే బెంగళూరు సంస్థ ‘కార్య’ లాంటివీ ఉన్నాయి. అయితే వీటిలో ఏదీ ‘ఏమీ రాకపోయినా నెలకు 25 వేలు’ అని చెప్పదు. ఏదో ఒక నైపుణ్యం అడుగుతుంది, పని చూసి డబ్బు ఇస్తుంది. ఆ నైపుణ్యం నేర్చుకోవడానికి డబ్బు పోయాల్సిన పని లేదు. కేంద్ర కార్మిక శాఖ ఎస్సీ, ఎస్టీ అభ్యర్థుల కోసం ప్రత్యేకంగా నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్లు నడుపుతోంది. హైదరాబాద్‌లో ఒకటి ఉంది. పోటీ పరీక్షల కోచింగ్‌తో పాటు కంప్యూటర్ శిక్షణ కూడా అక్కడ ఉంటుంది. 2015లో మొదలైన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం.

చేరేముందు

జాగ్రత్తల జాబితా పెద్దదైతే ఏదీ గుర్తుండదు. మేం హాస్టల్లో చెప్పేవి ఐదే.

ఒకటి, పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. రిజిస్ట్రేషన్, సెక్యూరిటీ డిపాజిట్, ట్రైనింగ్ కిట్, ఐడీ కార్డు అంటూ ఏ పేరుతో అడిగినా అది ఉద్యోగం కాదు.

రెండు, డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. పిన్ కొట్టామంటే మన డబ్బు బయటికి వెళ్తోందని అర్థం.

మూడు, కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతకాలి. అక్కడ పేరు లేకపోతే వదిలేయాలి. ఉన్నంత మాత్రాన నమ్మకూడదు, పెద్ద కంపెనీల పేరు పెట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది. మెసేజ్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి అడగాలి.

నాలుగు, ఆధార్, పాన్, సంతకం ఉన్న కాగితాలు ముందే పంపొద్దు. బ్యాంకు ఖాతా, సిమ్ అన్నదమ్ములకు కూడా అద్దెకివ్వొద్దు.

ఐదు, ‘ఈ రాత్రికే చెప్పాలి’ అని తొందరపెడితే, తెల్లారేదాకా ఆగి ఒక్కరితోనైనా మాట్లాడాలి.

డబ్బు పోయాక

మొదట చేయాల్సింది 1930కి ఫోన్. ఇది దేశమంతా పనిచేసే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ఎందుకంటే డబ్బు నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతుంది. మధ్యలో ఎక్కడైనా ఉండగానే ఆపగలిగితే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. మన బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలపాలి. చాట్‌లు తీసేయొద్దు. నంబర్లు, యూపీఐ ఐడీలు, లావాదేవీ నంబర్లు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. మన చేతులతో మనమే పంపిన డబ్బును బ్యాంకు వెనక్కిస్తుందన్న భరోసా లేదు, అందుకే మొదటి గంట అంత ముఖ్యం.

స్టేషన్‌లో ‘మా పరిధి కాదు’ అంటే, పరిధితో పని లేకుండా ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుందని గుర్తు చేయాలి. తీసుకోకపోతే అదే సెక్షన్ కింద ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు. కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది.

ఇది అట్రాసిటీ కేసు అవుతుందా అని చాలామంది అడుగుతారు. ఎక్కడో కూర్చున్న మోసగాడికి బాధితుల కులం తెలియదు కాబట్టి సాధారణంగా కాదు. కానీ మనకు ఇంకో హక్కు ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. హెల్ప్‌లైన్ 15100. ఆ దొంగ నోటీసు పట్టుకుని మా జూనియర్ ఆ గది దాకా వెళ్లి ఉంటే 9,800 మిగిలేవి.

చెప్పుకునే చోటు

విద్యార్థి సంఘాలు మూడు పనులు చేయాలని మేం అనుకుంటున్నాం. స్కాలర్‌షిప్, ఫెలోషిప్ ఆలస్యం మీద పోరాటాన్ని ఈ మోసాలతో కలిపి చూపాలి, ఎందుకంటే నెల నెలా డబ్బు పడితే మెస్ బిల్లు కోసం ఎవరూ టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరరు. సంక్షేమ హాస్టళ్లలో పనిచేసే కంప్యూటర్లు, నేర్పే మనిషి కావాలని అడగాలి. మూడోది మన చేతిలోనే ఉంది. ‘ఇది నిజమేనా’ అని సిగ్గుపడకుండా అడగడానికి ఒక మనిషి, ఒక నంబర్ ప్రతి హాస్టల్లో ఉండాలి. బాబాయి బ్యాంకు మేనేజరు కానివాళ్లకు సంఘమే బాబాయి కావాలి.

మా జూనియర్‌తో కూర్చుని ఫిర్యాదు పెట్టించాం. అప్పటికే రెండు నెలలు దాటింది, డబ్బు రాలేదు. అమ్మకు ఫోన్‌లో చెప్పింది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘పోతే పోయింది, నువ్వు తిన్నావా?’ అని అడిగిందట.

మరుసటి వారం ఆమె ఆ లీగల్ నోటీసును ప్రింట్ తీసి, తన పేరు కొట్టేసి, హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించింది. కింద పెన్నుతో ‘ఇలాంటిది మీకూ వచ్చిందా? రూమ్‌కి వచ్చి చెప్పండి’ అని రాసింది. నెల తిరిగేలోగా ముగ్గురు వచ్చారు.